చెరువును కాచే చిరుపురుగు

కరీంనగర్, ఆదిలాబాదు సీమల్లో చెరువు ఊరికి ప్రాణాధారం. ఆయకట్టు రైతుకు సాగునీరు, గంగపుత్రులకు, ముదిరాజులకు చేపలు, పశువులకు తాగునీరు అక్కడి నుండే లభిస్తాయి. అట్టి చెరువును గుర్రపుడెక్క కమ్ముకొంటే ఊరంతటికీ ముప్పు వాటిల్లుతుంది.

గుర్రపుడెక్క జన్మస్థానం దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదీ ప్రాంతం. దాని లేత ఊదారంగు పూల సొగసుకు ముగ్ధులైనవారు పంతొమ్మిదో శతాబ్దం చివర దానిని మన దేశానికి తెచ్చారు. గాలి నిండిన కాడల బలంతో అది నీటిపై తేలుతుంది. అనుకూల పరిస్థితుల్లో సుమారు రెండు వారాలకే రెట్టింపవుతుంది. పరచుకొన్న ఆకుల కింద నీటికి వెలుతురు అందదు. ప్రాణవాయువు క్షీణించి చేపలు చనిపోతాయి. తూములకు మొక్కలు అడ్డుపడతాయి.

పుట్టినచోట ఈ మొక్క ఇంతగా విజృంభించదు. దానిని తిని బతికే కీటకాలు అక్కడ ఉన్నాయి. మొక్క మన దేశం చేరింది గాని, దాని శత్రువులు వెంట రాలేదు. ఈ సత్యాన్ని గ్రహించిన శాస్త్రజ్ఞులు 1982, 1983 సంవత్సరాల్లో నియోకెటినా అనే ముక్కుపురుగులను అమెరికా నుండి బెంగుళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థకు తెప్పించారు. అవి పంటమొక్కలకు హాని చేయవని పరీక్షించి తేల్చుకొన్న తరువాతనే చెరువుల్లో వదిలారు.

బియ్యపు గింజంత ఉండే ఈ పురుగు రాత్రివేళ ఆకు పైపొరను గీకి తింటుంది. ఆడపురుగు కాడలో గుడ్లు పెడుతుంది. పిల్లపురుగులు కాడను తొలుచుకొంటూ మొక్క మొదలుకు చేరి లేత మొగ్గను తింటాయి. పిమ్మట నీటిలోని వేళ్లపై గూడు కట్టుకొని పెద్ద పురుగులుగా మారుతాయి. అవి తొలిచిన దారుల్లో నీరు, సూక్ష్మజీవులు ప్రవేశించగా కాడలు కుళ్లుతాయి. తేలే శక్తి కోల్పోయిన మొక్క క్రమంగా మునిగిపోతుంది. బెంగుళూరు పరిసరాల్లో ఒక చెరువు ఈ విధంగా సుమారు మూడేండ్లలో తేటపడింది.

అయితే ఈ పురుగు గుర్రపుడెక్కను నిర్మూలించదు, అదుపులో ఉంచుతుంది. అందుకూ అనుకూలమైన చెరువు కావాలి. మెట్‌పల్లి వంటి చోట్ల వాననీటిపై ఆధారపడిన చెరువు వేసవిలో ఎండితే మొక్కలతోపాటు పురుగులూ నశిస్తాయి. గింజలు మాత్రం బురదలో ఏండ్ల తరబడి నిలిచి, నీరు రాగానే మొలకెత్తుతాయి. అప్పుడు పురుగులను మళ్లీ తెచ్చి వదలవలసి వస్తుంది. ఊరి మురుగు కలిసే చెరువులో పోషకాలు మెండు గనుక, పురుగు తిన్నదానికంటె వేగంగా మొక్క చిగురిస్తుంది.

కావున చిరుపురుగు తన పని తాను చేయాలంటే, చెరువులోకి మురుగు చేరకుండా చూడటం ఊరివారి పని.