జిప్ డ్రైవ్ రీ-రివ్యూ: విండోస్ 98 పీసీ, 100 ఎంబీ డిస్క్, అందులో ఇరుక్కున్న తెలుగు

ఐఫోన్‌లో 4కే, 30 ఎఫ్‌పీఎస్‌లో ఒక నిమిషం వీడియో తీస్తే, హై ఎఫిషియెన్సీ మోడ్‌లో కూడా దాదాపు 170 ఎంబీ అవుతుంది. ఈ రోజు మనం రివ్యూ చేస్తున్న డిస్క్ మొత్తం సైజు 100 ఎంబీ. అంటే ముప్పై అయిదు సెకన్ల వీడియో పడితే గొప్ప.

మరి ఇప్పుడు దీన్ని రివ్యూ చేయడం ఎందుకు? రెట్రో సరదా కోసం మాత్రమే కాదు. వరంగల్, హనుమకొండల్లో తొంభైల చివర్లో మొదలైన డీటీపీ సెంటర్ల అల్మారాల్లో ఈ నీలం, నల్ల ప్లాస్టిక్ డిస్కులు ఇంకా కనిపిస్తాయి. వాటిలో పెళ్లి కార్డులు, కరపత్రాలే కాదు, కవితా సంకలనాలు, ఊరి చరిత్రలు, స్కూల్ సావనీర్లు కూడా ఉంటాయి. అప్పటి పీసీలు ఎప్పుడో స్క్రాప్‌కి వెళ్లిపోయాయి. బ్యాకప్ మాత్రం ఈ డిస్కుల్లో మిగిలింది. హనుమకొండలో డీటీపీ చేసే ఒక అన్న నాకు ఒక డబ్బా నిండా ఇవి ఇచ్చి, "తమ్ముడూ, ఇవి నడుస్తయో లేదో గూడ తెల్వది, పారేద్దామంటే మనసొప్పుతలేదు" అన్నాడు. ఆయన దగ్గరే ఉన్న పాత పెంటియం 3 అసెంబుల్డ్ పీసీ, పారలల్ పోర్ట్ జిప్ డ్రైవ్‌తో చేసిన పని ఇది.

అసలు జిప్ డ్రైవ్ అంటే ఏంటి?

అమెరికాలోని యూటా రాష్ట్రానికి చెందిన ఐయోమెగా కంపెనీ 1995లో దీన్ని మార్కెట్లోకి తెచ్చింది. అక్కడ డ్రైవ్ ధర సుమారు 200 డాలర్లు, ఒక్కో డిస్క్ 20 డాలర్లు. చూడ్డానికి లావు ఫ్లాపీలా ఉంటుంది. లోపల ఉన్నది కూడా ఫ్లాపీలాంటి మెత్తటి ప్లాస్టిక్ డిస్కే. తేడా వేగంలో ఉంది: ఫ్లాపీ నిమిషానికి 300 చుట్లు తిరిగితే, ఇది దాదాపు 2,900 చుట్లు తిరుగుతుంది.

- కెపాసిటీ: 100 ఎంబీ. కచ్చితంగా చెప్పాలంటే 10,06,63,296 బైట్లు, విండోస్ లెక్కలో 96 ఎంబీ
- 1.44 ఎంబీ ఫ్లాపీలతో పోలిస్తే: దాదాపు 70 ఫ్లాపీలు
- కనెక్షన్: స్కజీ, పారలల్ పోర్ట్, తర్వాత ఐడీఈ, యూఎస్‌బీ
- తర్వాతి మోడళ్లు: 250 ఎంబీ, 750 ఎంబీ

కొనేవాళ్లు ఒక విషయం గుర్తుంచుకోవాలి. 250 డ్రైవ్‌లో 100 ఎంబీ డిస్క్ చదవొచ్చు, రాయొచ్చు. 750 డ్రైవ్ మాత్రం 100 ఎంబీ డిస్క్‌ని చదువుతుంది కానీ రాయదు. డేటా బయటికి తీయడమే పనైతే అదీ ఓకే.

ఇంటర్నెట్ కంటే రైలే స్పీడ్

కార్ట్రిడ్జ్ డిస్కులు జిప్‌తో మొదలవలేదు. సీగేట్ వ్యవస్థాపకుల్లో ఒకరైన సయ్యద్ ఇఫ్తికార్ 1982లో పెట్టిన సైక్వెస్ట్ కంపెనీ, గట్టి హార్డ్ డిస్క్ ప్లేటర్‌నే కార్ట్రిడ్జ్‌లో పెట్టి అమ్మింది. 1986లో వచ్చిన మ్యాకింటాష్ ప్లస్‌లో స్కజీ పోర్ట్ ఉండడంతో, డీటీపీ లోకంలో సైక్వెస్ట్ 44 ఎంబీ డిస్కులు చేతులు మారేవి. అటారీ కంపెనీ కూడా తన హోమ్ కంప్యూటర్లకి మెగాఫైల్ 44 పేరుతో సైక్వెస్ట్ డ్రైవే అమ్మింది. తర్వాత అమీగా 1200 యూజర్లు స్కజీ అడాప్టర్ పెట్టుకుని జిప్ వాడుకున్నారు.

మన దగ్గర కథ వేరు. 1984లో క్లాస్ ప్రాజెక్ట్ కింద స్కూళ్లకి వచ్చిన బీబీసీ మైక్రోలో మెమరీ 32 కేబీ. ఒక్క జిప్ డిస్క్‌లో అలాంటి మెమరీలు మూడు వేలకు పైగా పడతాయి. మన చిన్న ఊళ్ల చేతికి కంప్యూటర్ వచ్చింది తొంభైల్లో, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట పార్టులు కొని బిగించుకున్న పీసీల రూపంలో. జిప్ వాటికే తగిలింది.

ఆ రోజుల లెక్క ఒకసారి చూద్దాం. వీఎస్ఎన్ఎల్ మన దేశంలో జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది 1995 ఆగస్టు 15న. 28.8 కేబీపీఎస్ మోడెమ్ ఒక్క క్షణం కూడా తెగకుండా పూర్తి వేగంతో పనిచేసినా, ఒక జిప్ డిస్క్ డేటా పంపడానికి 7 గంటల 45 నిమిషాలు పడుతుంది. 56 కేబీపీఎస్ అయితే 4 గంటలు. కాజీపేట నుంచి సికింద్రాబాద్ 132 కిలోమీటర్లు, రైల్లో రెండున్నర గంటలు అనుకుందాం. జేబులో డిస్క్ పెట్టుకుని రైలెక్కితే, ఆ రెండున్నర గంటల్లో 89 కేబీపీఎస్ స్పీడ్ వచ్చినట్టే. పైగా రెండు డిస్కులు తీసుకెళ్తే డబుల్! ఫోర్ కలర్ పనికి ఫిల్మ్ తీయించాలంటే హైదరాబాద్ వెళ్లాల్సిందే కాబట్టి, డిస్క్ జేబులో వేసుకుని పోవడమే పద్ధతి అని అన్న చెప్పాడు.

సెటప్

పారలల్ జిప్‌ని ప్రింటర్ పెట్టే 25 పిన్నుల పోర్ట్‌కి పెడతాం. డ్రైవ్ వెనక ఇంకో పోర్ట్ ఉంటుంది, ప్రింటర్‌ని దానికి తగిలించుకోవచ్చు. బయాస్‌లోకి వెళ్లి పారలల్ పోర్ట్ మోడ్‌ని ఈపీపీకి మార్చండి, వేగం పెరుగుతుంది. విండోస్ 98లో ఐయోమెగా డ్రైవర్ వేసి రీస్టార్ట్ చేస్తే మై కంప్యూటర్‌లో కొత్త డ్రైవ్ కనిపిస్తుంది. డాస్‌లో అయితే గెస్ట్ అనే చిన్న ప్రోగ్రామ్ రన్ చేస్తే సరిపోతుంది.

జాగ్రత్తలు మూడు:

- స్కజీ జిప్‌కి కూడా 25 పిన్నుల కనెక్టరే ఉంటుంది. పారలల్ పోర్ట్‌లో చక్కగా దూరుతుంది, కానీ పనిచేయదు, పోర్ట్ దెబ్బతినొచ్చు కూడా. వెనక ఐడీ 5, 6 అనే స్విచ్ ఉంటే అది స్కజీ మోడల్.
- అమెరికా నుంచి తెప్పించుకుంటే పవర్ అడాప్టర్ మీద ఇన్‌పుట్ ఎంతో చదవండి. 120 వోల్ట్‌ల అడాప్టర్‌ని మన 230 వోల్ట్‌ల ప్లగ్‌లో పెడితే కథ ముగుస్తుంది.
- యూఎస్‌బీ టు ప్రింటర్ కేబుల్ కొని ల్యాప్‌టాప్‌కి పెడదామనుకోకండి. అవి ప్రింటర్ భాష మాత్రమే మాట్లాడతాయి, జిప్‌తో పనిచేయవు. నిజమైన పారలల్ పోర్ట్ కావాలి.

వాడకం సింపుల్. డిస్క్ తోస్తే మోటార్ లేస్తుంది, లైట్ వెలుగుతుంది. పారలల్ మోడల్‌లో నిమిషానికి 20 ఎంబీ వస్తే అదే ఎక్కువ, కాబట్టి నిండు డిస్క్ కాపీ అయ్యేలోపు ఒక చాయ్ తాగి రావొచ్చు. ఫ్లాపీకి ఉన్నట్టు రైట్ ప్రొటెక్ట్ చేసే బుడిపె దీనికి ఉండదు. లాక్ చేయాలన్నా, పాస్‌వర్డ్ పెట్టాలన్నా సాఫ్ట్‌వేర్‌తోనే.

క్లిక్ ఆఫ్ డెత్: ఇది నిజంగా డేంజర్

జిప్ పేరు చెడగొట్టింది ఒక చప్పుడు. డ్రైవ్‌లోని సన్నటి హెడ్లు డిస్క్ అంచు వైపు నుంచి లోపలికి వెళ్లి, పైనా కిందా పట్టుకుని చదువుతాయి. ట్రాక్ దొరక్కపోతే వెనక్కి వచ్చి మళ్లీ వెళ్తాయి. ఆ రాకపోకల చప్పుడే క్లిక్. ఒకటి రెండుసార్లు వస్తే కంగారు అక్కర్లేదు. టక్ టక్ మని ఆగకుండా కొడుతుంటే హెడ్లు దెబ్బతిన్నాయని అనుకోవచ్చు.

అసలు సమస్య ఏంటంటే ఇది అంటురోగంలా పాకుతుంది. వంకర పోయిన హెడ్ డిస్క్ అంచుని చింపుతుంది. అంచు చిరిగిన డిస్క్‌ని ఇంకో మంచి డ్రైవ్‌లో పెడితే, ఆ డ్రైవ్ హెడ్లనూ విరిచేస్తుంది. ఈ సమస్య మీద 1998లో అమెరికాలో ఐయోమెగాపై క్లాస్ యాక్షన్ కేసు పడింది, 2001లో సెటిల్ అయింది. స్టీవ్ గిబ్సన్ అనే ప్రోగ్రామర్ దీన్ని పరీక్షించడానికి ట్రబుల్ ఇన్ ప్యారడైజ్ అనే ఉచిత టూల్ కూడా రాశాడు.

అందుకే ఈ రూల్స్ పాటించండి:

- తెలియని డ్రైవ్‌లో ముందుగా పనికిరాని డిస్క్ పెట్టి చూడండి. విలువైన డిస్క్ తర్వాత.
- పెట్టే ముందు మెటల్ షట్టర్ జరిపి, టార్చ్ వేసి డిస్క్ అంచు చూడండి. చిరుగు, నొక్కు కనిపిస్తే పెట్టొద్దు.
- క్లిక్ కొట్టిన డిస్క్‌ని "ఇంకో దాంట్లో చూద్దాం" అని రెండో డ్రైవ్‌లో పెట్టొద్దు.
- అయస్కాంతం దగ్గరికి రానివ్వొద్దు. ట్రాక్‌లని గుర్తుపట్టే సంకేతాలు ఫ్యాక్టరీలోనే డిస్క్ మీద రాస్తారు. అవి చెరిగితే ఫార్మాట్ చేసినా డిస్క్ తిరిగి రాదు.

డేటా బయటికి తీయడం

ఫైళ్లని ఒక్కొక్కటిగా కాపీ చేయడం కంటే, మొత్తం డిస్క్‌ని ఒకేసారి ఇమేజ్‌గా తీయడం మంచిది. డిస్క్ ఇంకెన్నిసార్లు తిరుగుతుందో గ్యారంటీ లేదు కదా. నేను అదే పెంటియం 3లో లైనక్స్ బూట్ చేసి ఈ పని కానిచ్చాను. పాత పారలల్ జిప్‌లకి పీపీఏ, తర్వాత వచ్చిన వాటికి ఐఎంఎం అనే కెర్నల్ మాడ్యూల్ కావాలి. ఇమేజ్ తీయడానికి జీఎన్‌యూ డీడీరెస్క్యూ వాడండి. అది ముందు బాగున్న సెక్టార్లన్నీ తీసేసి, పాడైన చోటికి చివర్లో తిరిగి వెళ్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆపినా నష్టం లేదు.

పీసీ ఫార్మాట్ జిప్ డిస్కుల్లో డేటా మామూలుగా నాలుగో పార్టిషన్‌లో ఉంటుంది. ఒకటో పార్టిషన్ మౌంట్ చేయబోయి "డిస్క్ ఖాళీ" అనుకునేరు.

ఇదంతా తలనొప్పి అనుకుంటే యూఎస్‌బీ జిప్ వెతకండి. లైనక్స్‌లో మామూలు పెన్‌డ్రైవ్ లాగే కనిపిస్తుంది.

అసలు పరీక్ష: ఫైల్ వచ్చింది, తెలుగు రాలేదు

ఇక్కడిదాకా ప్రపంచంలో ఎవరికైనా ఒకటే కథ. ఇకపైది మన తెలుగువాళ్ల కథ.

డబ్బాలోని ఒక డిస్క్‌లో 1999లో టైప్ చేసిన కవితా సంకలనం ఉంది. కవి ఇప్పుడు లేరు. అచ్చు కాపీలు ఇంట్లో ఒక్కటీ మిగల్లేదు. వాళ్లబ్బాయి మళ్లీ వేయించాలని అన్నని అడుగుతున్నారు. ఇమేజ్ వచ్చింది, ఫైళ్లు కనిపించాయి. ఒకదాన్ని ల్యాప్‌టాప్‌లో నోట్‌ప్యాడ్‌తో తెరిస్తే వచ్చింది తెలుగు కాదు, ఇంగ్లిష్ అక్షరాలు, పౌండ్ గుర్తులు, పైన చుక్కలు కలిసిన కిచిడీ.

కారణం సింపుల్. విండోస్ 98కి తెలుగు రాదు. తెలుగు యూనికోడ్‌లో 1991 నుంచే ఉన్నా, విండోస్‌లోకి గౌతమి ఫాంట్‌తో వచ్చింది ఎక్స్‌పీతో, అంటే 2001లో. అంతకుముందు అను, శ్రీలిపి, ఆకృతి లాంటి ప్యాకేజీలు వేరే దారి పట్టాయి. ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు ఉండే గడుల్లో తెలుగు అక్షరాల ముక్కల్ని పెట్టాయి. ఒక గడిలో తలకట్టు, ఒక గడిలో ఒత్తు, ఇంకో గడిలో గుడి పెట్టిన అక్షరం. ఏ ముక్క ఏ గడిలో ఉందో ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. ఆ ఫాంట్ లేకపోతే ఫైల్‌లో ఉన్నది తెలుగని కంప్యూటర్‌కి తెలిసే మార్గమే లేదు.

పైగా ఫైల్ పేజ్‌మేకర్ 6.5ది. పేజ్‌మేకర్ ఆగిపోయి ఏళ్లయింది. ఇన్‌డిజైన్‌లో ఆ ఫైళ్లు తెరవగల చివరి వెర్షన్ సీఎస్6. కాబట్టి పాత పీసీ విలువ తెలిసింది ఇక్కడే. విండోస్ 98, పేజ్‌మేకర్, అప్పటి ఫాంట్లు మూడూ అందులోనే ఉన్నాయి. మొదటి ఫైల్ తెరుచుకుంది, తెరమీద ముత్యాల్లాంటి తెలుగు. అందులోంచి టెక్స్ట్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి, యూనికోడ్ కన్వర్టర్‌లో వేశాను. ఒత్తులు కొన్నిచోట్ల పక్క అక్షరానికి వెళ్లాయి, అవి చేత్తో దిద్దాల్సిందే. పేజ్‌మేకర్‌లోంచి ఒక ప్రింట్ తీసి పక్కన పెట్టుకుంటే ప్రూఫ్ చూడడం తేలిక.

రెండో ఫైల్ మధ్యలో సెక్టార్లు పోయాయి. పేజ్‌మేకర్ తెరవనంది. ఇమేజ్‌లోంచి ముడి బైట్లు తీసి, ఆ కిచిడీనే కన్వర్టర్‌లో వేస్తే చాలా కవితలు దక్కాయి. ఒక కవిత మాత్రం సగంలో ఆగిపోయింది. మిగతా సగం కోసం వాళ్లబ్బాయి పాత పత్రికలు వెతుకుతున్నారు. అయిదేళ్ల ముందు ఇమేజ్ తీసి ఉంటే ఆ సగం కూడా ఉండేదేమో.

ప్లస్‌లు

- మీడియా చాలావరకు నిలిచింది. ఇరవై ఏళ్లు దాటినా ఎక్కువ డిస్కులు చదివాయి
- పాత పీసీకి, పాత మ్యాక్‌కి ఫైళ్లు మార్చుకోవడానికి ఫ్లాపీ కంటే వంద రెట్లు హాయి
- లైనక్స్ సపోర్ట్ బాగుంది

మైనస్‌లు

- క్లిక్ ఆఫ్ డెత్, అది కూడా అంటుకునే రకం
- కొత్త డ్రైవ్‌లు తయారవడం లేదు. ఐయోమెగాని 2008లోనే ఈఎంసీ కొనేసింది
- ఈ రోజుకి బ్యాకప్‌గా అస్సలు నమ్మకూడదు

కొనాలా?

రెట్రో పీసీ సరదా ఉన్నవాళ్లు అయితే తీసుకోండి, ఆడుకోండి. దాచుకోవడానికి మాత్రం వద్దు. డేటా తీయాల్సిన పని ఉన్నవాళ్లు యూఎస్‌బీ జిప్ 100 లేదా 250 ఒక్కటి చూసుకోండి, ఒక వీకెండ్‌లో డబ్బా ఖాళీ చేయొచ్చు.

ఇమేజ్ తీశాక మూడు కలిపి ఒకే ఫోల్డర్‌లో పెట్టండి: డిస్క్ ఇమేజ్, అప్పటి ఫాంట్ ఫైళ్లు, యూనికోడ్‌లోకి మార్చిన టెక్స్ట్. వీటితో పాటు పేజీల పీడీఎఫ్ ఉంటే ఇంకా మంచిది. ఇమేజ్ ఉండి ఫాంట్ లేకపోతే, ఆ తెలుగు మళ్లీ తాళం వేసిన పెట్టెలోనే ఉన్నట్టు.

మీ నాన్న, బాబాయి, పక్కింటి అన్న ఎవరైనా తొంభైల్లో డీటీపీ చేసి ఉంటే ఒకసారి అడిగి చూడండి. అల్మారాలో డిస్కులు ఉంటే ముందు వాటి పాత పీసీని స్క్రాప్‌కి వేయకుండా ఆపండి. డ్రైవ్ ఎక్కడైనా దొరుకుతుంది, అప్పటి ఫాంట్లతో ఉన్న ఆ పీసీ మాత్రం మళ్లీ దొరకదు.