చేపల వినికిడి

చేపకు చెవులున్నవా యని బడిపిల్లలు నన్ను పలుమాఱు అడుగుచుండెడివారు. ఉన్నవి, పైకి గానరావు. తలలో ఇరుప్రక్కల లోచెవులుండును, వానిలో గట్టి గుండ్లు గలవు. శబ్దమునకు చేప మేను నీటితో గూడ కదలును. బరువైన గుండు వెనుకబడును. ఆ భేదమే వినికిడి.

మన చెఱువులలోని బొచ్చె, శీలావతి, వాలుగలకు వేఱొక సాధనము గలదు. కడుపులోని గాలితిత్తి శబ్దమున కదరగా, ఆ యదురును చిన్నయెముకల వరుస చెవికి జేర్చును. ఈ యెముకలను 1820లో వేబరను జర్మను పండితుడు వర్ణించెను. చూపులేని యొక జెల్లజాతి చేపకు ఈల వేసి మేత పెట్టుచు, తుదకు ఈలకే వచ్చునట్లు చేసితినని 1923లో కార్ల్ ఫాన్ ఫ్రిష్ ప్రకటించెను.

అమెరికాలోని ఆర్థర్ పాపర్ అను జీవశాస్త్రజ్ఞుడు దశాబ్దములు ఈ విద్యనే పరిశోధించెను. మన పులసకు చుట్టమైన షాడ్ చేప, మనుష్యుని చెవి కందని హెచ్చుస్థాయి నాదమును సైతము వినునని 1997లో ఆయనయు సహచరులును తెలిపిరి. నీటిలో స్తంభములు దిగగొట్టు మ్రోతవలన చేపలకు గలుగు గాయములను గూడ ఆయన పరీక్షించెను.

వినుటకు తోడ్పడు గాలితిత్తియే పెనుమ్రోతకు పగిలిపోవును. తూటాలు ప్రేల్చి చేపలు పట్టుటను 1897 నాటి మత్స్యచట్టము నేరముగా నిర్ణయించినది. తూటాకు పెద్దచేప, పిల్లచేప యను భేదము లేదు. ఊరి చెఱువున నిది జరుగకుండ జూచుట పెద్దల ధర్మము.