జీర్ణోద్ధరణకు ఓర్పే తొలి కానుక

హనుమకొండ వేయిస్తంభాల గుడికి వెళ్ళివచ్చిన భక్తులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది: "కల్యాణ మంటపాన్ని తిరిగి నిలబెట్టడానికి అన్నేళ్ళు ఎందుకు పట్టినది?"

కాకతీయ రుద్రదేవుడు 1163లో నిర్మింపజేసిన ఆలయమిది. శివ, కేశవ, సూర్యులకు నెలవైన త్రికూటము. దాని ఎదుటి మంటపం పునాది కుంగి శిథిలం కాగా, పురావస్తు శాఖవారు రాళ్ళను విప్పి, పునాది నుండి మరల కట్టించినారు. 2024 మహాశివరాత్రి నాడు అది భక్తులకు తెరువబడినది.

ఇట్టి పనిలో విప్పుటకు ముందే ప్రతి రాతికీ అంకె వేయవలెను. ఏ రాయి ఎక్కడిదో చిత్రించవలెను. విరిగినదానికి మాత్రమే శిల్పులు కొత్త రాతిని చెక్కవలెను. కాకతీయులు పునాదిలో ఇసుక నింపిన పద్ధతిని కూడ గుర్తెరిగి నడువవలెను. తొందరకు ఇక్కడ చోటు లేదు.

తొందరపడినవారిలో నేనూ ఒకడను. మా స్వగ్రామ శివాలయ గోడలకు సిమెంటు పూత వేయుమని ద్రవ్యమిచ్చి కోరినది నేనే. సున్నము తేమను వెలుపలికి పోనిచ్చును. సిమెంటు లోపలనే బంధించును. కొన్నేళ్ళకే రాతి పొరలు ఊడి, వాటితో పాటు శాసనాక్షరాలు రాలిపోయినవి. వాటిని తిరిగి తెచ్చు ధనము నా వద్ద లేదు, ఎవరి వద్దనూ లేదు.

కావున దాతలారా, ప్రాచీనాలయానికి విరాళమిచ్చునప్పుడు "ఎప్పటికి పూర్తియగును?" అని కాక, "పాత రాతిని ఎట్లు కాపాడుచున్నారు?" అని ముందుగా అడుగుడు.