రంది, దాని ఆఫ్రికా తోబుట్టువు

జనగామ నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "డాక్టరు మా అమ్మకు డిప్రెషన్ అన్నడు. అమ్మేమో 'అదేం లేదు బిడ్డా, జర రంది' అంటది. ఎవరి మాట నిజం?"

ఇద్దరిదీ. డిప్రెషన్ గురించి చెప్పడానికి పుస్తకాలు బోలెడు. నన్ను పట్టుకుంది ఆ 'రంది', అంటే మనసును తొలిచే దిగులు.

ఊరివాళ్ల మాట వినకపోతే ఏమవుతుందో ఆఫ్రికా కథ చెబుతుంది. 1953లో కారోథర్స్ అనే వలసకాలపు వైద్యుడు ప్రపంచ ఆరోగ్య సంస్థకు పుస్తకం రాస్తూ, ఆఫ్రికావాళ్లలో డిప్రెషన్ అరుదని తేల్చేశాడు. ఐరోపా రోగుల్లాగా 'తప్పంతా నాదే' అని కుమిలేవాళ్లు అక్కడ ఆయనకు కనిపించలేదట. 'ఒళ్లు కాలుతోంది' అనే ఊళ్లో జ్వరమే లేదన్నట్టుంది!

1990లలో మన మనోవైద్యుడు విక్రమ్ పటేల్ జింబాబ్వే రాజధాని హరారేలో ప్రశ్న తిప్పి వేశాడు: మీ బాధను మీరేమంటారు? షోనా భాషలో వచ్చిన జవాబు 'కుఫుంగిసిస'. 'కుఫుంగ' అంటే ఆలోచించడం. 'ఇసిస' తోక తగిలిందా, అది అతి ఆలోచన. ఎంత ముచ్చటైన మాటో చూడండి, జబ్బు నడిచే తీరంతా ఆ తోకలోనే ఉంది. ఆలోచన నిద్రను తింటుంది, నిద్ర లేక తల బరువెక్కుతుంది, గుండె దడదడలాడుతుంది, ఇక ఆ దడ గురించి ఇంకో ఆలోచన. గానుగెద్దు తిరుగుడే. అక్కడివాళ్ల మాటలతోనే పటేల్ బృందం 14 ప్రశ్నల పట్టిక కట్టింది.

2006లో మనోవైద్యుడు డిక్సన్ చిబాండా అదే నగరంలో 14 మంది అవ్వలకు తర్ఫీదిచ్చి, ఆస్పత్రి ఆవరణలో బల్ల మీద కూర్చోబెట్టాడు. వాళ్లు మందివ్వరు. చిక్కులన్నీ చెప్పించి, అందులోంచి ఒక్కదాన్ని రోగి చేతే ఎంచుకోనిచ్చి, దాని పని పట్టిస్తారు. గానుగ ఆగేది అక్కడే. తర్వాత 573 మందితో పరీక్షించారు. ఆరు నెలలకు ఆ 14 ప్రశ్నల మీద సగటు మార్కు అవ్వల దగ్గరికెళ్లిన వాళ్లకు 3.81, మామూలు వైద్యం పొందిన వాళ్లకు 8.90. మార్కు తగ్గితే బాధ తగ్గినట్టు.

ఇక మన మాట. రంది 'పెట్టుకుంటారు', మనాదితో (మనోవ్యాధితో) 'మంచం పడతారు'. మొదటిది తలకెత్తుకున్న మూట, దించుకోవచ్చు. రెండోది మనిషినే పడేసేది. తీవ్రతను కొలిచే స్కేలు మన క్రియల్లోనే ఉంది! మన సర్వే పత్రాలు మాత్రం 'విచారము, నిరాశ' లాంటి పుస్తకాల మాటలతో అడిగితే? జనగామ అమ్మ 'లేదు' అనక ఏమంటుంది?

2022 అక్టోబరు 10 నుంచి 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్ పలుకుతోంది, తెలుగులోనూ. మంచిదే. కానీ మహబూబాబాద్ తండాలో లంబాడీ అవ్వ తన దిగులును గోర్‌బోలిలో ఏ క్రియతో చెబుతుందో, భూపాలపల్లి అడవి పక్క కోయ అవ్వ ఏమంటుందో ముందు ఎవరైనా కూర్చుని రాసుకోవద్దూ?