సీడీ పెట్టగానే ప్రోగ్రామ్ దానంతటదే ఓపెన్ అవ్వాలంటే? ఇప్పుడెందుకు అవ్వట్లేదు?

ఉస్మానియా క్యాంపస్‌లో పీహెచ్‌డీ చేస్తున్న ఒక అక్క మెసేజ్ పెట్టారు. థీసిస్‌తో పాటు ఒక సీడీ ఇస్తున్నారట. ఎగ్జామినర్ గారు సీడీ పెట్టగానే మెనూ పేజీ దానంతటదే తెరుచుకోవాలి. తార్నాకలో జిరాక్స్ షాపు అతను సెట్ చేసి ఇచ్చాడు. ల్యాబ్‌లో ఉన్న పాత కంప్యూటర్‌లో చక్కగా ఓపెన్ అవుతోంది, అక్క కొత్త ల్యాప్‌టాప్‌లో మాత్రం అవ్వట్లేదు. "తప్పు సీడీలో ఉందా, ల్యాప్‌టాప్‌లో ఉందా?" అని అడిగారు.

రెండింట్లోనూ లేదక్కా. మధ్యలో రూల్ మారింది, అంతే. మీలో చాలామంది జీవితంలో సీడీ పట్టుకుని ఉండరు, నాకు తెలుసు. అయినా చూడండి, చివరికి ఇది మీ ఫోన్ దగ్గరికే వస్తుంది.

ముందు ఎలా చేస్తారో చెప్తాను. విండోస్ 95 నుంచి ఈ ఏర్పాటు ఉంది. సీడీ పెట్టగానే విండోస్ అందులో ఆటోరన్ డాట్ ఐఎన్ఎఫ్ అనే ఫైల్ కోసం వెతుకుతుంది. అది మామూలు టెక్స్ట్ ఫైల్, నోట్‌ప్యాడ్‌లో రాసేయొచ్చు. మొదటి లైన్లో స్క్వేర్ బ్రాకెట్ల మధ్య ఆటోరన్ అని రాయాలి. రెండో లైన్లో ఓపెన్, ఈక్వల్ గుర్తు, మీ ప్రోగ్రామ్ పేరు. ఐకాన్ కావాలంటే మూడో లైన్లో అలాగే. ఇంగ్లిష్ స్పెల్లింగ్ వీడియోలో స్క్రీన్ మీద చూపించాను.

దెబ్బతినేది చిన్న చిన్న చోట్ల. ఈ ఫైల్ ఏ ఫోల్డర్‌లోనూ ఉండకూడదు, సీడీ తెరవగానే కనిపించే మొదటి చోటే ఉండాలి. నోట్‌ప్యాడ్ చెప్పకుండా వెనకాల డాట్ టీఎక్స్‌టీ తగిలిస్తుంది, అందుకే సేవ్ చేసేటప్పుడు ఆల్ ఫైల్స్ అని ఎంచుకోండి. డ్రైవ్ లెటర్ రాయొద్దు. మీ దగ్గర డీ డ్రైవ్ అయితే ఎగ్జామినర్ గారి దగ్గర ఈ డ్రైవ్ కావొచ్చు. ఇంకోటి, ఓపెన్ అనే ఆ లైన్ ప్రోగ్రామ్‌లకే పని చేస్తుంది. అక్కది వెబ్ పేజీ లాంటి మెనూ కాబట్టి, ఓపెన్ బదులు షెల్ ఎగ్జిక్యూట్ అని కలిపి రాయాలి. అప్పుడు ఆ కంప్యూటర్లో ఉన్న బ్రౌజర్ దాన్ని తెరుస్తుంది.

ఇంత చేసినా కొత్త ల్యాప్‌టాప్‌లో దానంతటదే తెరుచుకోదు. ఎక్స్‌పీ అయితే అడగకుండా నడిపేసేది. విస్టా నుంచి విండోస్ ముందు "ఏం చేయమంటారు?" అని అడుగుతుంది. ఇప్పటి విండోస్‌లో మూలన ఒక చిన్న డబ్బా వచ్చి మాయమైపోతుంది, చాలామంది చూడను కూడా చూడరు. అక్కకి నా సలహా: ఆటోరన్ పెట్టండి, కానీ దాని మీద ఆధారపడకండి. మెనూ ఫైల్‌కి "ఇక్కడ మొదలుపెట్టండి" అని అర్థమయ్యే పేరు పెట్టి సీడీలో బయటే ఉంచండి, కవర్ మీద కూడా ఒక లైన్ రాయండి.

మరి అంత సుఖంగా ఉన్నదాన్ని మైక్రోసాఫ్ట్ ఎందుకు తీసేసింది? ఇక్కడే అసలు కథ ఉంది.

2003లో అమెరికాలో ఒక కంపెనీ పాటల సీడీలు కాపీ కాకుండా ఒక టెక్నిక్ తెచ్చింది. సీడీ పెట్టగానే ఆటోరన్ ద్వారా ఒక డ్రైవర్ కంప్యూటర్లోకి వెళ్లి కాపీని అడ్డుకుంటుంది. ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో చదువుతున్న జాన్ అలెక్స్ హాల్డర్‌మన్ అనే స్టూడెంట్ ఒక రిపోర్ట్ రాశాడు. సీడీ పెట్టేటప్పుడు షిఫ్ట్ బటన్ నొక్కి పట్టుకుంటే చాలు, ఆటోరన్ నడవదు, అడ్డూ ఉండదు అని. షిఫ్ట్ బటన్! ఆ కంపెనీ కేసు వేస్తామని బెదిరించి, మర్నాడే వెనక్కి తగ్గింది.

2005లో సోనీ బీఎంజీ వంతు. ఆ సంస్థ పాటల సీడీల్లో ఒక రూట్‌కిట్ దొరికింది. రూట్‌కిట్ అంటే కంప్యూటర్ లోపల దాక్కుని, తనని తనే కనపడకుండా చేసుకునే సాఫ్ట్‌వేర్. మార్క్ రస్సినోవిచ్ అనే ఇంజనీర్ అక్టోబర్ 31న దాన్ని బయటపెట్టాడు. పెద్ద గొడవై, సోనీ ఆ సీడీలని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. డబ్బులిచ్చి పాటలు కొన్నవాడి కంప్యూటర్లోకే దొంగచాటుగా దూరారు. నాకైతే ఇప్పటికీ కోపం వస్తుంది.

కానీ మనోళ్లకి తగిలిన దెబ్బ సీడీది కాదు, పెన్‌డ్రైవ్‌ది. సీడీ రాస్తే రాసిందే, దాని మీదకి వైరస్ తనంతట ఎక్కలేదు. పెన్‌డ్రైవ్ అలా కాదు, పెట్టిన ప్రతి కంప్యూటర్‌ నుంచి ఏదో ఒకటి మోసుకొస్తుంది. యూనివర్సిటీ పక్కన ఉండే ఏ జిరాక్స్ షాపైనా ఊహించుకోండి. సబ్మిషన్ వారంలో ఒకే కంప్యూటర్లో రోజంతా పెన్‌డ్రైవ్‌లు మారుతూనే ఉంటాయి. ఒక్కదాంట్లో ఉంటే చాలు, సాయంత్రానికి హాస్టల్ మొత్తానికి పాకుతుంది.

2008 నవంబర్‌లో బయటపడిన కాన్‌ఫికర్ వర్మ్ దీన్నే వాడుకుంది. దాని తెలివి చూడండి. పెన్‌డ్రైవ్ పెట్టగానే వచ్చే డబ్బాలో "ఫోల్డర్ తెరిచి ఫైల్స్ చూడండి" అనే ఆప్షన్ రెండుసార్లు కనిపించేది, ఫోల్డర్ బొమ్మతో సహా. కింద ఉన్నది నిజం, పైనున్నది వైరస్. బొమ్మా, మాటా రెండూ ఆటోరన్ ఫైల్‌లోంచే వచ్చాయి. ఏం చూపించాలో కూడా ఆ ఫైలే నిర్ణయిస్తుంది కదా!

అప్పట్లో స్టూడెంట్స్ దగ్గర ఒక నాటు మందు ఉండేది. పెన్‌డ్రైవ్‌లో ఆటోరన్ డాట్ ఐఎన్ఎఫ్ అనే పేరుతో ఖాళీ ఫోల్డర్ పెట్టేవాళ్లు. ఒకే చోట ఒకే పేరుతో ఫోల్డరూ ఫైలూ రెండూ ఉండలేవు కాబట్టి, వైరస్ తన ఫైల్ రాసుకోలేక ఆగిపోయేది. తర్వాత వచ్చిన వైరస్‌లు ఆ ఫోల్డర్‌ని చెరిపేయడం నేర్చుకున్నాయి, అది వేరే విషయం.

2009లో వచ్చిన విండోస్ 7లో పెన్‌డ్రైవ్‌లకి ఆటోరన్ తీసేశారు. 2011 ఫిబ్రవరిలో ఎక్స్‌పీకీ, విస్టాకీ కూడా అప్‌డేట్ ఇచ్చారు. అప్‌డేట్లు ఆపేసిన షాపు కంప్యూటర్లకి అది అందలేదు, అందుకే నేను బీటెక్‌లో ఉన్నప్పుడు కూడా ఈ బాధ తప్పలేదు. అప్పటికి వైరస్ వేషం కూడా మార్చింది. మీ ఫోల్డర్లన్నీ దాచేసి, వాటి పేర్లతోనే షార్ట్‌కట్‌లు పెట్టేది. దానంతటది నడవలేదు కాబట్టి మీ చేతే క్లిక్ చేయించుకునేది.

ఇప్పుడు మీ ఫోన్ తీయండి. పెళ్లి పత్రిక అనో, ట్రాఫిక్ చలానా అనో పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైల్ చేసేది ఇదే పని. ఆండ్రాయిడ్ దాన్ని దానంతటదిగా నడవనివ్వదు, మిమ్మల్ని అడుగుతుంది. అడిగినప్పుడు మీరు ఓకే కొట్టేలా ఆ పేరూ, ఆ బొమ్మా పెడతారు, కాన్‌ఫికర్ ఫోల్డర్ బొమ్మ పెట్టినట్టే. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి ఈ పర్మిషన్ ఒక్కో యాప్‌కి విడివిడిగా ఉంటుంది. సెట్టింగ్స్‌లో స్పెషల్ యాప్ యాక్సెస్‌కి వెళ్లి, ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్ తెరవండి. కొన్ని ఫోన్లలో పేరు కొంచెం వేరుగా ఉంటుంది, సెర్చ్ చేస్తే దొరుకుతుంది. అక్కడ వాట్సాప్, టెలిగ్రామ్, క్రోమ్ పక్కన ఆన్ ఉంటే ఆఫ్ చేయండి. తర్వాత మీ అమ్మానాన్నల ఫోన్లలో కూడా అదే చూడండి.