ట్యాబ్‌లో పాఠం వెనక ఉద్యోగం: ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో సాఫ్ట్‌వేర్ చదువు

ఎవరి కోసం: అనంతపురం జిల్లాలో ఇంటర్, పాలిటెక్నిక్, డిగ్రీ, ఇంజినీరింగ్ చదివే పిల్లలున్న కుటుంబాలు. చదవడం రాని పెద్దలకు పిల్లలు చదివి వినిపించండి.

2022 డిసెంబర్ 21న ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇవ్వడం మొదలైంది. మీ ఇంట్లోనో పక్కింట్లోనో అలాంటిది ఒకటి ఉండే ఉంటుంది. ఆ పిల్లలే 2025 మార్చిలో పదో తరగతి పరీక్షలు రాశారు. దాంతో వాళ్లు "తర్వాత ఏం చదవాల?" అనే చోటికి వచ్చారు. ఎక్కువ ఇళ్లలో వినిపించే జవాబు ఒకటే: కంప్యూటర్స్.

మంచిదే. కానీ ఆ సీటు కోసం వచ్చే ప్రశ్న ఒకటుంది. "సార్, కన్వీనర్ కోటాలో సీఎస్ఈ రాలేదు. అప్పు చేసి మేనేజ్‌మెంట్ కోటాలో కడతాం. తర్వాత గవర్నమెంట్ డబ్బు వేస్తుంది కదా?" వేయదు. మేనేజ్‌మెంట్ కోటాకు, స్పాట్ అడ్మిషన్‌కు ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. ఈ పీడీఎఫ్‌లో ఇంకేమీ చదవకపోయినా ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. నాలుగేళ్ల ఫీజు మొత్తం మీ మెడకు చుట్టుకుంటుంది.

పథకంలో మీరున్నారా, లేదా

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉమ్మడి రాష్ట్రంలో 2008లో మొదలైంది. తర్వాత జగనన్న విద్యా దీవెన, వసతి దీవెన అన్నారు. 2024 నుంచి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ అంటున్నారు. సచివాలయంలో ఆర్టీఎఫ్ అంటే కాలేజీ ఫీజు, ఎంటీఎఫ్ అంటే హాస్టల్, భోజనం ఖర్చు అని అర్థం చేసుకోండి. పేరు మారిందని పథకం పోయిందనుకోవద్దు.

కుటుంబ ఆదాయం ఏడాదికి 2.5 లక్షల రూపాయల లోపు ఉండాలి. భూమి మాగాణి అయితే 10 ఎకరాల లోపు, మెట్ట అయితే 25 ఎకరాల లోపు. మన జిల్లాలో పొరపాటు ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. పన్నెండెకరాల శెనక్కాయ చేను ఉంది కాబట్టి మాకు రాదులే అనుకుని అప్లై చేయని వాళ్లుంటారు. అది వాన మీద ఆధారపడ్డ మెట్ట. లెక్క 25 ఎకరాలకు. ట్రాక్టర్, ఆటో, టాక్సీ ఉన్నా అడ్డం కాదు. సొంతానికి కారు ఉంటే అడ్డం. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉన్నా, ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టేవాళ్లున్నా రాదు. పారిశుద్ధ్య కార్మికులకు మాత్రం ఇందులో మినహాయింపు ఉంది.

హాజరు 75 శాతం ఉండాలి. శెనక్కాయ పీకే రోజుల్లో పిల్లోన్ని రెండు వారాలు చేన్లోనే పెట్టుకుంటే, పండక్కి బెంగళూరు పనికి తీసుకుపోయి నెల ఉంచుకుంటే, ఆ శాతం ఎప్పుడు పడిపోయిందో ఇంట్లో ఎవరికీ తెలియదు. కాలేజీలో నెలకోసారి అడిగి తెలుసుకోండి.

డబ్బు వేసే పద్ధతి మారుతూ వచ్చింది. ఒకప్పుడు తల్లి ఖాతాకు, తర్వాత తల్లి, విద్యార్థి ఉమ్మడి ఖాతాకు, ఆ తర్వాత నేరుగా కాలేజీకి. పద్ధతి ఏదైనా విద్యార్థి ఖాతాకు, తల్లి ఖాతాకు ఆధార్ లింకు సరిగా ఉందో లేదో బ్యాంకులో ఒకసారి చూపించుకోండి. ఈ సంవత్సరం మీ పేరు ఏ దశలో ఉందో సచివాలయంలో వెల్ఫేర్ అండ్ ఎడ్యుకేషన్ అసిస్టెంట్ చూసి చెబుతారు. వేలిముద్ర వేయమంటే వాయిదా వేయొద్దు.

సీఎస్ఈ రాకపోతే

కన్వీనర్ కోటాలో ఈసీఈ, ఈఈఈ వస్తే చేరండి. సాఫ్ట్‌వేర్ కంపెనీలు ప్రోగ్రాం రాయగలవా అని పరీక్ష పెడతాయి. చాలా కంపెనీలు ఏ బ్రాంచ్ వాళ్లనైనా ఆ పరీక్షకు రానిస్తాయి. సత్య నాదెళ్ల పేరు మన ఊళ్లలో కోచింగ్ ఫ్లెక్సీల మీద కనిపిస్తుంది, ఎందుకంటే ఆయన తండ్రి యుగంధర్ గారిది యల్లనూరు మండలం బుక్కాపురం. 2014 నుంచి మైక్రోసాఫ్ట్‌ను నడిపిస్తున్న ఆయన మణిపాల్‌లో చదివింది ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్. ఫ్లెక్సీ మీద ఆ సంగతి రాయరు.

ఇంకో రెండు దారులు. పది అయ్యాక పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేస్తే, ఈసెట్‌తో బీటెక్ రెండో సంవత్సరంలో నేరుగా చేరొచ్చు. ఇంటర్ కోచింగ్ ఖర్చు మిగులుతుంది, మధ్యలో ఆపాల్సి వచ్చినా చేతిలో డిప్లొమా ఉంటుంది. రెండోది ట్రిపుల్ ఐటీ. ఇడుపులపాయ మనకు దగ్గర. 2008లో మొదలైన ఈ సంస్థల్లో పదో తరగతి మార్కులతో ఆరేళ్ల చదువులోకి తీసుకుంటారు, ప్రభుత్వ బడి పిల్లలకు మార్కుల్లో కొంత కలుపుతారు. ఇవేవీ కుదరకపోతే బీఎస్సీ కంప్యూటర్స్, బీసీఏ ఉన్నాయి. డిగ్రీ అని చిన్నచూపు అక్కర్లేదు.

ఇంతకీ ఆ పని ఏంది?

సాఫ్ట్‌వేర్ అంటే ఏసీ గదిలో కూర్చోవడం అని మాత్రమే తెలిసినవాళ్లకు ఒక ఉదాహరణ చెబుతాను. చదువు చెప్పే యాప్‌లు తయారు చేసే పనిని ఎడ్‌టెక్ అంటారు. అందులో ఒక్క పాఠం వెనక కనీసం ఐదారుగురు ఉంటారు. పాఠం ఎలా చెప్పాలో రాసేవాళ్లు, బొమ్మలు గీసేవాళ్లు, గొంతు ఇచ్చేవాళ్లు, యాప్ నడిచేలా ప్రోగ్రాం రాసేవాళ్లు, తప్పులు పట్టేవాళ్లు, తెలుగులోకి మార్చేవాళ్లు. అంటే కోడింగ్ ఒక్కటే కాదు. టీచర్ కావాలనుకున్న అమ్మాయికీ ఇందులో చోటుంది.

తెలుగు యాప్‌లో ఒక చిక్కు చూడండి. "అనంతపురం" అనే మాటలో ఎన్ని అక్షరాలు? ఒకటో తరగతి బిడ్డ అ, నం, త, పు, రం అని ఐదు లెక్కపెడుతుంది. కంప్యూటర్‌కు అవి ఎనిమిది, ఎందుకంటే యూనికోడ్ పద్ధతిలో సున్నా, కొమ్ము విడివిడిగా నిల్వ అవుతాయి. "స్త్రీ" మనకు ఒక్క అక్షరం, కంప్యూటర్‌కు ఆరు. తెలుగు తెలియని ప్రోగ్రామర్ అక్షరాల ఆట తయారు చేస్తే "స్త్రీ"ని ఆరు ముక్కలు చేసి పిల్లల ముందు పెడతాడు. పిల్లలు తప్పు రాశారని యాప్ సున్నా వేస్తుంది. తప్పు పిల్లలది కాదు. దీన్ని పట్టుకోవాలంటే ప్రోగ్రామూ రావాలి, తెలుగు బడిలో పలక మీద దిద్ది కూడా ఉండాలి. తెలుగు మీడియం చదివామని తల దించుకునే పిల్లలకు ఈ సంగతి చెప్పండి.

సిగ్నల్ సంగతీ అంతే. ఒకే ఫోన్ ముగ్గురు పిల్లలు వాడుకునే ఇల్లు, మధ్యాహ్నానికే అయిపోయే డేటా, మిద్దె ఎక్కితే తప్ప దొరకని నెట్. ఇవన్నీ మీకు ఇంట్లో రోజూ ఉండేవే. పాఠాన్ని ముందే ఫోన్లో దాచి నెట్ లేకుండా నడిపించడం, వీడియో సైజు తగ్గించడం, మార్కులు తర్వాత సిగ్నల్ దొరికినప్పుడు పంపడం: ఎడ్‌టెక్‌లో ప్రోగ్రామర్ రోజూ తల పట్టుకునేది వీటి గురించే.

మన పాఠ్యపుస్తకాల్లో ఉన్న క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే తెరుచుకునే దీక్ష కూడా ఇలాంటి పనే. 2017లో కేంద్రం దాన్ని తెచ్చింది. దాని అడుగున ఉన్న సన్‌బర్డ్ అనే సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్. అంటే దాని కోడ్ ఎవరైనా, మీ పిల్లలైనా, తెరిచి చూడొచ్చు. దాచిపెట్టిందేమీ లేదు.

డబ్బు పెట్టకుండా నేర్చుకోవడం

ఎన్‌పీటెల్, స్వయం పోర్టళ్లలో ఐఐటీ అధ్యాపకుల కోర్సులు ఉచితం. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. ఇంగ్లిష్ అడ్డమైతే ఐఐటీ బాంబే వారి స్పోకెన్ ట్యుటోరియల్ చూడండి. చిన్న చిన్న వీడియోలు, కొన్నింటికి తెలుగు గొంతు కూడా ఉంది. వింటూ పక్కనే చేసి చూసుకోవడం దాని పద్ధతి. ఇంట్లో కంప్యూటర్ లేకపోతే కాలేజీ ల్యాబ్ సాయంత్రం ఇంకో గంట తెరిచి ఉంచమని నలుగురు కలిసి ప్రిన్సిపాల్‌ను అడగండి. ఒక్కరే అడిగితే కాదంటారు. రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ ఉచిత శిక్షణలు ఎప్పుడు, ఎక్కడ అనేది కూడా కాలేజీలోనే అడగొచ్చు.

డిగ్రీ పిల్లలకు 2020-21 నుంచి మొత్తం 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. అందులో మొదటి ఏడాది తర్వాత వచ్చే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టును చాలామంది ఎక్కడో రిపోర్టు కొని ఇచ్చేస్తున్నారు. మీ ఊళ్లోనే ఇరవై ఇళ్లకు పోయి పిల్లలు ఫోన్లో ఏం చదువుతున్నారు, ఏ పాఠం దగ్గర ఆగిపోతున్నారు అని రాసుకొస్తే, ఎడ్‌టెక్ ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి అంతకంటే మంచి పని దొరకదు.

జాగ్రత్త పడాల్సిన చోట్లు

ట్యాబ్‌లలో పాఠాలు ఇచ్చిన బైజూస్ సంగతి మీకు తెలుసు. 2011లో పుట్టిన కంపెనీ విలువ 2022 నాటికి 2,200 కోట్ల డాలర్లు అన్నారు. కరోనాలో బడులు మూతపడినప్పుడు అందరూ ఆన్‌లైన్ పాఠాలు కొన్నారు, బడులు తెరిచాక కొనేవాళ్లు తగ్గారు, పైన అప్పులు. 2024 జూలైలో దివాలా ప్రక్రియ మొదలైంది. ఈ రంగంలో ఉద్యోగాలు ఇలా ఒక్కసారిగా వచ్చి ఒక్కసారిగా పోతాయి. వాన లెక్కే. కాబట్టి ఒక్క కంపెనీ పేరు చూసుకుని చదవొద్దు. ప్రోగ్రామింగ్ గట్టిగా వస్తే బ్యాంకు యాప్‌లోనూ, ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌లోనూ అదే పని చేసుకోవచ్చు.

"లక్షన్నర కట్టండి, బెంగళూరులో ఉద్యోగం ఖాయం" అనే ఫోన్లు ఫైనల్ ఇయర్‌లో మొదలవుతాయి. బ్యాక్‌డోర్ అంటారు, ట్రైనింగ్ అంటారు, బాండ్ అంటారు. ఉద్యోగం ఇచ్చే కంపెనీ మీ దగ్గర డబ్బు తీసుకోదు. తాకట్టుగా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వమంటే లేచి వచ్చేయండి. కాలేజీలు కూడా ఒరిజినల్స్ చూసి తిరిగి ఇవ్వాలి, దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ నిబంధన ఉంది.

స్కాలర్‌షిప్ పడాలంటే ఓటీపీ చెప్పండి అని ఫోన్ వస్తే పెట్టేయండి. సచివాలయం నుంచి ఎవరూ ఫోన్లో ఓటీపీ అడగరు. పొరపాటున చెప్పి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బును బ్యాంకులో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. ఫీజు రాలేదని కాలేజీ హాల్‌టికెట్ ఆపితే ముందు సచివాలయానికి, అక్కడ తేలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు రండి. ఆధార్, కాలేజీ అలాట్‌మెంట్ ఆర్డర్, హాజరు పత్రం జిరాక్సులు వెంట తెచ్చుకోండి. అర్జీ ఇచ్చాక రసీదు నంబరు తీసుకోకుండా వెళ్లొద్దు.