తాతగారి గుండెజబ్బు మనుమడికి వస్తుందా?

"మా తాతకు గుండెపోటు, మా నాన్నకు గుండెపోటు, ఇక నా వంతు" అని కొందరు పెద్దలు అంటుండగా మీరు వినే ఉంటారు. ఈ మాటలో నిజమెంతో చూద్దాం.

గుండె కండరానికి రక్తాన్ని అందించే నాళాలను కరోనరీ ధమనులంటారు. వీటి గోడల్లో కొలెస్టరాల్ పేరుకుంటే దారి ఇరుకవుతుంది. పేరుకున్న పదార్థం మీది పొర చిట్లి, అక్కడ రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతే గుండెపోటు వస్తుంది.

కొలెస్టరాల్ మన కణాలకు అవసరమైన పదార్థమే. నూనె నీటిలో కలవనట్లే ఇది రక్తంలో కరగదు. అందుచేత చాలా భాగం ఎల్.డి.ఎల్. అనే రేణువులలో ప్రయాణిస్తుంది. కాలేయ కణాల మీది గ్రాహకాలు ఈ రేణువులను పట్టి లోపలికి లాగుకుంటాయి. రక్తంలో కొలెస్టరాల్ అదుపులో ఉండేది ఇందువల్లనే.

ఈ గ్రాహకాలను తయారుచేయించే జన్యువు 19వ క్రోమోజోము మీద ఉంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, మొత్తం రెండు ప్రతులు మనకు వస్తాయి. ఒకటి చెడిపోతే సరిగా పనిచేసే గ్రాహకాలు దాదాపు సగమే ఉంటాయి. పుట్టుక నుంచే కొలెస్టరాల్ హెచ్చుగా ఉంటుంది. సుమారు 300 మందిలో ఒకరికి ఈ లోపం ఉంది. వారి బిడ్డలలో ఒక్కొక్కరికీ ఇది సంక్రమించే అవకాశం సగానికి సగం. రెండు ప్రతులూ చెడినవారికి, చికిత్స లేకపోతే, బాల్యంలోనే గుండెపోటు రావచ్చు.

రోగుల చర్మకణాలను గాజుపాత్రలలో పెంచి ఈ రహస్యాన్ని ఛేదించినవారు అమెరికా శాస్త్రజ్ఞులు బ్రౌన్, గోల్డ్‌స్టీన్. వారికి 1985లో నోబెల్ బహుమతి లభించింది. నేడు వాడుతున్న స్టాటిన్ మందులు కాలేయంలో కొలెస్టరాల్ తయారీని తగ్గిస్తాయి. అప్పుడు కాలేయం మంచి జన్యువుతోనే మరిన్ని గ్రాహకాలను తయారు చేసుకుంటుంది!

అయితే చాలా కుటుంబాలలో ముప్పు ఒక్క జన్యువు వల్ల రాదు. అనేక జన్యువులు తలా కొంచెం తోడవుతాయి. 50 వేలకు పైగా మందిని పరిశీలించి 2016లో ప్రకటించిన ఒక అధ్యయనం చూడండి. జన్యువుల వల్ల ముప్పు ఎక్కువగా ఉన్నవారిలో కూడా, పొగతాగకుండా, వ్యాయామం చేస్తూ, మితంగా మంచి ఆహారం తినేవారికి, అవేవీ పాటించనివారికన్నా గుండెజబ్బు దాదాపు సగమే వచ్చింది.

మీ ఇంట్లో పురుషులకు 55 ఏళ్ల లోపు, స్త్రీలకు 65 ఏళ్ల లోపు గుండెపోటు వచ్చిందేమో అడిగి తెలుసుకోండి. వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పమనండి. పిల్లలకైనా సరే, చిన్న రక్తపరీక్షతో కొలెస్టరాల్ ఎంత ఉందో తెలిసిపోతుంది. ముందే తెలిస్తే "ఇక నా వంతు" అని భయపడుతూ కూర్చోనక్కరలేదు.